గాలి దాటే ఫిల్ము

చెల్లి పోయిన రోజు నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పదీ ఇరవై అయింది. ఫ్యాక్టరీ యూనిఫాంలో ఒకామె గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాలేక, "టీచరమ్మా, ఒకసారి రండి" అంది. ఎందుకని అడగలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, మిగతా లెక్క పూర్తి చేయమని పిల్లలకు చెప్పి ఆమె వెంట నడిచాను. బడి నుంచి ఫ్యాక్టరీకి ఇరవై నిమిషాల నడక. సగం దారిలో ఆమె ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు అర్థమైంది.

గేటు దగ్గర కాపలా అతను పుస్తకంలో పేరు, వచ్చిన పని రాయమన్నాడు. వచ్చిన పని అన్న గడిలో ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. "చూడటానికి అని రాయండమ్మా" అన్నాడు. అలాగే రాశాను.

చెల్లిని ముడిసరుకు షెడ్డులో, అట్టపెట్టెలు విప్పి పరిచిన నేల మీద పడుకోబెట్టారు. ముఖం ఎర్రగా ఉంది. చిన్నప్పుడు ఎండలో ఆడి ఇంటికొస్తే అలా ఉండేది. బిగించిన ముడి లోపల జుట్టు ఇంకా తడిగా ఉంది. ముడి విప్పాను. నేను చూస్తుండగానే ఆరిపోయింది. అక్కడి తొట్టిలో వాడే సాల్వెంటు ద్రవం అంత త్వరగా ఆవిరైపోతుంది. షెడ్డంతా ఆ తియ్యటి వాసనే. రెండేళ్లుగా చెల్లి బట్టల్లో ఆ వాసన ఉండేది. పండు ఏదైనా తెచ్చావేమిటే అని అమ్మ సంచీ వెతికేది.

చుట్టూ ఐదారుగురు ఆడవాళ్ళు నోటికి కొంగులు, చున్నీలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ వెనక నుంచి సూపర్‌వైజరు వచ్చాడు.

"చూశారుగా, ఇక పదండి. లైను మీద ఎవరూ లేరు."

గోడకు అవతల లైను నడుస్తోంది. నా చెల్లి పడిపోయినప్పుడు కూడా అది ఆగలేదని, ఆమెను బయటికి లాగినప్పుడూ ఆగలేదని ఆ తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఆ హోరు ఒక్కటే నాకు వినబడుతోంది.

మేనేజరు వచ్చి చేతులు కట్టుకున్నాడు. "గుండె ఆగిందమ్మా. ఏం చేస్తాం. మాకూ ఇంట్లో మనిషి పోయినట్టే ఉంది." కట్టుకున్న చేతులు విప్పి, "ఒక్క విషయం. మెడలో గుర్తింపు కార్డు ఉంటుంది. అది కంపెనీది. తిరిగి ఇచ్చెయ్యాలి" అన్నాడు.

నేను చెల్లి తల పైకెత్తి, తాడు తీసి, కార్డు అతని చేతిలో పెట్టాను. ఇవ్వకుండా ఉండవలసింది. అప్పటికి నాకు ఎదురు చెప్పడం చేతకాదు.

ఇది చదివేవాళ్ళలో అలాంటి షెడ్లలో పనిచేసేవాళ్ళు ఉంటారు. వాటిని రోడ్డు మీద నుంచి మాత్రమే చూసిన విద్యార్థులూ ఉంటారు. రెండోవాళ్ళ కోసం ఆ పని గురించి కొంచెం చెప్పాలి.

అక్కడ తయారయ్యేది బ్యాటరీ లోపల పెట్టే పల్చటి ఫిల్ము. బ్యాటరీలో రెండు పక్కలుంటాయి. ఆ రెండూ ఒకదానికొకటి తగిలితే నిప్పు పుడుతుంది. తగలకుండా మధ్యలో ఈ ఫిల్ము అడ్డం ఉంటుంది. తల వెంట్రుక మందంలో ఎనిమిదో వంతు కూడా ఉండదు, కానీ పట్టి లాగితే అంత తేలిగ్గా తెగదు. ప్లాస్టిక్‌నీ నూనెనీ కలిపి కరిగించి, రేకులా పోసి, అన్ని వైపులా సాగదీస్తారు. తర్వాత దాన్ని సాల్వెంటు తొట్టిలో ముంచి నడిపితే నూనె కరిగి బయటికి వచ్చేస్తుంది. నూనె ఉన్న చోట కంటికి కనబడని రంధ్రాలు మిగులుతాయి. తడిగా ఉన్నంతసేపు ఫిల్ము గాజులా ఉంటుంది, అవతలి మనిషి కనబడతాడు. ఆరగానే పాలలా తెల్లబడుతుంది. చెల్లి మొదటి నెలలో ఒక ముక్క తెచ్చి అమ్మ ముఖం మీద కప్పి, "ఊపిరాడుతోందా?" అని అడిగింది. "ఆడకపోతే చస్తానే, తియ్యి" అంది అమ్మ. "ఆడుతుందమ్మా, దాని పనే అది" అని నవ్వింది.

ఆ మాట ఆ రోజు నేనూ విన్నాను. తర్వాత అవసరమైనప్పుడు గుర్తు రాలేదు.

ఫిల్ము అప్పుడప్పుడు తొట్టి లోపల తెగిపోతుంది. తెగిన కొసను పట్టుకుని తొట్టిలోని రోలర్ల మీదుగా మళ్ళీ ఎక్కించాలి. ముడత పడకుండా ఎక్కించడానికి సన్నటి చేతులు కావాలని ఆ పనికి ఎక్కువగా ఆడవాళ్ళను పెట్టేవారు. అందరూ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళే. పద్ధతి ప్రకారం ముందు తొట్టి ఖాళీ చెయ్యాలి, మూత తెరవాలి, పెద్ద ఫ్యాను వెయ్యాలి, నలభై నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతే, రోలర్లు అందేలా తొట్టి పక్కన తవ్విన గోతిలోకి మనిషి దిగాలి. సాల్వెంటు ఆవిరి గాలి కంటే బరువు, గోతిలోనే పేరుకుంటుంది. గోడ మీద ఈ నియమాన్ని ఎర్ర అక్షరాలతో రాసి ఉంచారు. కానీ ఆ నలభై నిమిషాలూ వెనక సాగదీసే మిషను నుంచి ఫిల్ము నేల మీద గుట్టలుగా పడుతూనే ఉంటుంది. మిషను ఆపితే మళ్ళీ మొదలవడానికి సగం రోజు పడుతుంది. కాబట్టి మేనేజరు నలభైని ఇరవై చేశాడు, ఇరవైని పది చేశాడు. చివరికి "దిగండమ్మా, దిగండి, ఊపిరి బిగబట్టి దిగండి" అనే దగ్గరికి వచ్చింది.

ఇంకొక అలవాటు ఉంది. దాన్ని మొదలుపెట్టింది పనివాళ్ళే. గోతి పక్కన మోకాలి ఎత్తులో గ్యాసు పసిగట్టే సెన్సరు ఉంటుంది. గ్యాసు ఎక్కువైతే అలారం మోగి లైను దానంతటదే ఆగుతుంది. ఆ సెన్సరు మీద నూనె చిందితే అది పాడై పిచ్చిపిచ్చిగా మోగేది. అందుకని షిఫ్టు మొదట్లో ఒకరు అంచుల నుంచి కత్తిరించిన తెల్లటి ఫిల్ము ముక్కను దానికి చుట్టి దారంతో కట్టేవారు. దాన్ని మూతి కట్టడం అనేవారు. ప్రతివారికీ వంతు ఉండేది.

ఆ రోజు వంతు నిచ్చెనది.

నిచ్చెన అంటే ఆరడుగుల రెండంగుళాల కుర్రాడు. ఇరవై నాలుగేళ్ళు. నా దగ్గరే పదో తరగతి దాకా చదివాడు. తొట్టి దగ్గర చెల్లికి జోడీ అతను. ఆ ఉదయం ఫిల్ము తెగింది. సూపర్‌వైజరు నిచ్చెనను నేల మీద గుట్ట పడుతున్న ఫిల్ము ఎత్తమని అటు పంపి, చెల్లిని ఒక్కదాన్నే దిగమన్నాడు. పదకొండు నిమిషాల తర్వాత నిచ్చెన తిరిగి వచ్చి చూస్తే గోతిలో మనిషి అడుగున ఉంది. కేక పెట్టి దూకాడు. ఆమెను భుజాన వేసుకుని మెట్ల మీదికి తోసి, తనూ అక్కడే స్పృహ తప్పి పడిపోయాడు.

మూడో రోజు నోటీసు బోర్డు మీద ఒక రంగు ఫోటో అంటించారు. ఫిల్ము చుట్టిన సెన్సరు. కింద నాలుగు వాక్యాలు. కార్మికులు తమంతట తాము సెన్సరును కప్పివేయడం వల్ల అలారం మోగలేదని, ఒక ప్రాణం పోవడానికి వాళ్ళ నిర్లక్ష్యమే కారణమని. మేనేజరు క్యాంటీనులో అందరినీ నిలబెట్టి మాట్లాడాడు.

"ఎవరు కట్టారో చెప్పండి. ఒక్క పేరు. మిగతా నాలుగొందల మందికీ ఏమీ కాదు. చెప్పకపోతే రెండు లైన్లూ మూసేసి తాళం వేసుకుంటాం. అందరూ కలిసి చంపారని నేను అనను. నాకు మనసొప్పదు."

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి కారణం మేనేజరంటే ఉన్న భయం ఒక్కటే కాదు. ప్రతివారూ ఏదో ఒక రోజు ఆ మూతి కట్టినవారే. చంపింది మనమేనని ప్రతివారూ నమ్మారు.

ఆ సాయంత్రం నిచ్చెన మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో వంగి, లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చున్నాడు.

"మేడం, ఆ రోజు కట్టింది నేనే."

అమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "తాగు నాయనా. పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

అతను గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు. "అక్క నవ్వింది కూడా మేడం. అంత కిందికి వంగాలంటే నిచ్చెనని మడత పెట్టాల్రా అంది. మడత పెట్టుకునే కట్టాను." కాసేపటికి, "ఇప్పుడు ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు.

అతని మోచేతుల మీద మెట్ల అంచులు గీసుకున్న గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అవి చెల్లిని పైకి తెస్తున్నప్పుడు అయినవి. నేను వాటిని చూశాను. చూసి కూడా ఇలా అన్నాను: "తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి. నా దగ్గర నేర్చుకున్నది అదే కదా."

గొంతు పెంచలేదు. తరగతిలో చెప్పినట్టే చెప్పాను.

"సరే మేడం" అన్నాడు. నీళ్ళు మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు క్యాంటీనులో అందరి ముందూ కాగితం మీద సంతకం పెట్టాడు. అప్పటికే బయట పోలీసు జీపు నిలబడి ఉంది. జీపు తలుపు చిన్నది, మనిషి పొడుగు. తల మీద చెయ్యి వేసి లోపలికి కుక్కారని, నవ్వు రావలసిన ఆ దృశ్యానికి ఒక్కరూ నవ్వలేదని తర్వాత చెప్పారు.

ఆ వారం చివర యూనియన్ వాళ్ళు నన్ను పిలిచారు. షిఫ్టు మారే వేళ, గేటు పక్క సైకిల్ స్టాండులో మీటింగు. యూనియన్ అంటే పర్మనెంటు వాళ్ళది. కాంట్రాక్టు వాళ్ళకు అందులో ఓటు లేదు. చుట్టూ నిలబడి వినడానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పరు. రెండొందల మంది ఉంటారు. యూనియన్ అధ్యక్షుడు బల్ల ఎక్కి ఒక కాగితం, దానికి జతచేసిన ఆ సెన్సరు ఫోటో తీశాడు.

"టీచరు గారు కుటుంబం తరఫున, తప్పు కంపెనీది కాదని ఒక్క సంతకం పెడితే విషయం ఇక్కడితో ముగుస్తుంది. ఒప్పుకున్నవాడు ఒప్పుకున్నాడు. లైను నడుస్తుంది. మన పొయ్యిలు వెలుగుతాయి."

"నిచ్చెన పొయ్యో?" అని వెనక నుంచి ఒకామె అరిచింది.

"వాడు ఒంటిగాడు. పెళ్ళాం పిల్లలు లేరు."

"అంటే పెళ్ళాం లేనోణ్ణి జైల్లో వెయ్యొచ్చా? ముందే చెబితే మేమే చేసేవాళ్ళం కదయ్యా పెళ్ళి!"

కొందరు నవ్వారు. ఫిల్మును చుట్టలుగా చుట్టే విభాగంలోని ఒకతను విసుగ్గా, "నవ్వుతారేంటి? కట్టింది మనమే కదా. ఇవాళ వాడు, రేపు నేను. నోరు మూసుకుని ఉండటం మంచిది" అన్నాడు. ఇంకొకడు లేచి, "దిగమన్నది ఎవర్రా? గోతిలోకి ఒక్కదాన్ని పంపింది ఎవరు?" అన్నాడు. "కప్పకపోతే అలారం మోగేది, దిగేది కాదు!" "నీయమ్మ, నువ్వు కట్టలేదా?" "కట్టాను కాబట్టే చెబుతున్నా!" ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. పర్మనెంటు వాళ్ళొక వైపు, కాంట్రాక్టు వాళ్ళొక వైపు విడిపోతున్నారు. అధ్యక్షుడు నా చేతికి పెన్ను ఇచ్చాడు. నేను మూత తీశాను.

"ఆగు. ఆ ఫోటో ఇటియ్యి."

ఆ గొంతు సెకన్లమ్మది. యాభై దాటిన మనిషి. పరీక్షల గదిలో ఇరవై ఏళ్ళుగా ఒకటే పని. తయారైన ప్రతి చుట్ట నుంచి ముక్క కోసి గాజు గొట్టానికి బిగించి, వంద మిల్లీలీటర్ల గాలి దాన్ని దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాస్తుంది. మెడలో తాళి ఉండే చోట స్టాప్‌వాచీ వేలాడుతుంటుంది. మొగుడు పోయాక అదే నా మొగుడని ఆమే చెప్పుకుంటుంది.

"ఏంటత్తా, ఇక్కడ కూడా సెకన్లు లెక్కపెడతావా?" అన్నాడో కుర్రాడు.

"నోర్ముయ్యి. నువ్వు చడ్డీ వేసుకోకముందు నుంచి లెక్కపెడుతున్నా." ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. "ఈ ఫిల్ము ఏ రంగులో ఉంది?"

"తెల్లగా."

"తెల్లగా ఉందంటే?"

తొట్టి దగ్గర పనిచేసే ఒక అమ్మాయి నెమ్మదిగా, "ఆరినట్టు" అంది.

"ఆరిందంటే?"

"రంధ్రాలు తెరిచి ఉన్నట్టు."

"ఓరి నా బంగారాల్లారా" అంది సెకన్లమ్మ. ఆమె గొంతులో కోపం ఉంది. "ఈ ఫిల్ములోంచి గాలి పోతుందా పోదా అని రోజుకి నూటయాభై సార్లు కొలిచేది నేను. పోకపోతే ఆ చుట్ట చెత్తలోకి. గాలి దాటే గుడ్డ నేసి నేసి, దాన్ని కట్టి గాలి ఆపామని ఏడుస్తున్నారా? నేనూ మీతోపాటు వారం రోజులు ఏడ్చాను చూడండి, నా బుద్ధికి!"

నమ్మనివాళ్ళు ఉన్నారు. "గాలి వేరు, గ్యాసు వేరు" అన్నారు. ఆమె రెండు ఖాళీ సీసాలు తెమ్మంది. పక్కనే నిలిపిన ఒక బండి ట్యాంకులోంచి కొంచెం పెట్రోలు తీయించి రెండింటిలో పోయించింది. ఒక సీసా మూతికి పాల కవరు ముక్క కట్టింది. రెండోదానికి ఒకమ్మాయి జడకు చుట్టుకున్న ఫిల్ము ముక్క విప్పించి కట్టింది. నిలువుగా పట్టుకున్న ఆ సీసాలు ఒక ముక్కు నుంచి ఇంకో ముక్కుకు వరుసగా నడిచాయి. పాల కవరు సీసా దగ్గర ఎవరికీ ఏమీ తెలియలేదు. రెండో సీసా దగ్గర ప్రతివారూ తల వెనక్కి లాగారు. కొట్లాడుకున్న ఇద్దరూ ఒకే సీసా మీద వంగి వాసన చూశారు.

"పోయిన నెల కూడా మోగింది కదే" అని ఒకామె హఠాత్తుగా అంది. "మూతి కట్టే ఉంది. నేనే కట్టాను. అయినా మోగింది. ఎలా మర్చిపోయాం?"

"కొత్త చుట్ట ఎంతసేపట్లో దాటనిస్తుంది?" అని నేను అడిగాను.

"వంద మిల్లీలీటర్లకి నూట ఎనభై సెకన్లు. పోనీ అలారం ఆలస్యమైందనుకో, మూడు నిమిషాలు. అమ్మాయి లోపల ఎంతసేపుంది?"

"పదకొండు" అన్నాను. "మూడు తీసేస్తే ఎనిమిది."

నా నోటితో నేనే ఆ తీసివేత చేశాను. ఎనిమిది నిమిషాల పాటు ఆ అలారం మోగుతూ ఉండవలసింది.

"మరి ఎందుకు మోగలేదు?"

ఒక్కొక్కరుగా అందరూ కంట్రోల్ రూము అతని వైపు తిరిగారు. రోజంతా తెరల ముందు కూర్చుంటాడని అతన్ని సినిమా అని పిలిచేవారు. పెట్రోలు తీసింది అతని బండిలోంచే. బండి వదిలి వెళ్ళలేక అక్కడే నిలబడ్డాడు.

"నన్నెందుకు చూస్తారు? నేను స్టాఫ్‌ని."

"స్టాఫైతే ముక్కు లేదా? వాసన చూడు" అని సెకన్లమ్మ సీసా అతని ముఖం ముందు పెట్టింది.

అతను సీసాను పక్కకు తోసి, నేల చూస్తూ చెప్పాడు. "పెద్ద ఆర్డరు ఉందన్నారు. అలారం మోగితే లైను ఆగుతుంది, వారం రోజులు ఆగకూడదన్నారు. అలారం ఆపే తాళంచెవి ఒక్కటే ఉంది. మేనేజరు సారే తిప్పారు. నేను చూశాను."

"ఒక లైనుకేనా?"

"రెండింటికీ."

గోడ అవతల అప్పుడు కూడా రెండు లైన్లూ నడుస్తున్నాయి. రెండో లైను తొట్టి దగ్గర ఎవరి కూతురో, ఎవరి చెల్లెలో ఉంది.

నేను పెన్ను మూత పెట్టి అధ్యక్షుడికి తిరిగి ఇచ్చాను. చెప్పవలసిన మాట ఒకటి ఉంది. చెప్పకపోతే అక్కడ నిలబడే అర్హత నాకు ఉండదు.

"నిచ్చెన నా దగ్గరికి వచ్చాడు. ఒప్పుకోమని చెప్పింది నేను. ఆ సంతకం నేను పెట్టించాను."

కొందరు ముఖం తిప్పుకున్నారు. సెకన్లమ్మ నన్ను కొంతసేపు చూసింది.

"పెట్టించావు" అంది. "ఇప్పుడు చింపించు. నడు."

పోలీసు స్టేషనుకు అలాగే నడిచాం. అధ్యక్షుడు రాలేదు. పర్మనెంటు వాళ్ళలో సగం మంది వచ్చారు. దారిలో వాళ్ళూ కాంట్రాక్టు వాళ్ళూ ఒక వరుసలో నడవడం అదే మొదటిసారని పక్కనున్నామె చెప్పింది.

ఇన్స్పెక్టరు బల్ల మీద సెకన్లమ్మ రెండు సీసాలూ పెట్టింది. "ఒక్కసారి వాసన చూడండి సార్."

"వాసన చూడటానికి నేనేమైనా కుక్కనా?"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక కానిస్టేబులు లాఠీతో ఆ దిక్కుగా నాలుగు దెబ్బలు వేశాడు. నవ్వినవాడికి తగలలేదు. జడలో ఫిల్ము విప్పి ఇచ్చిన అమ్మాయికి తగిలాయి.

"సంతకం ఉంది" అన్నాడు ఇన్స్పెక్టరు. "చదువుకున్నవాడు, తెలివిలో ఉండి పెట్టాడు. అలారం ఆపేశారని ఎవరు చూశారు?"

సినిమాను ముందుకు తోశారు. అతను చొక్కా సర్దుకున్నాడు. "నేనేమీ చూడలేదు సార్. వీళ్ళు భయపెడితే ఏదో అన్నాను." ఎవరి కళ్ళలోకీ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. రెండు రోజుల్లో అతన్ని ఇంకో ఊరి యూనిట్‌కు పెద్ద ఉద్యోగంలోకి మార్చారు.

నిచ్చెనను చూడటానికి నన్ను ఒక్కదాన్నే, రెండు నిమిషాలకు పంపారు. ఊచల వెనక నేల మీద కూర్చుని ఉన్నాడు. లేవబోయి లేవలేకపోయాడు. అరికాళ్ళు వాచి ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు రెండు వంకరపోయాయి. నేను ఎక్కువ మాటలు వాడలేదు. ఫిల్ము తెల్లగా ఉందని, గాలి దాటుతుందని, సీసాతో చూశామని, అలారం పైనుంచే ఆపేశారని చెప్పాను.

అతను ఊచ పట్టుకుని ముందుకు జరిగాడు. "అయితే నేను చంపలేదా మేడం?"

"లేదు."

"నిజంగా?"

"లేదురా. నేనే తప్పు చెప్పాను నీకు."

ఊచలకు నుదురు ఆనించి ఏడ్చాడు. రెండు నిమిషాలు అయిపోయాయని కానిస్టేబులు నా భుజం తట్టాడు.

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదిహేనుకు మొదటి లైనులో ఫిల్ము తెగింది. ఈసారి తెగితే నలభై నిమిషాలూ ఆగాలని లోపలివాళ్ళు ముందే అనుకున్నారు, తెగేదాకా గేటు బయట ఉండాలని మేమూ అనుకున్నాం. తొట్టి ఖాళీ చేశారు, మూత తెరిచారు, ఫ్యాను వేశారు, గోతి నుంచి పది అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డారు. సెకన్లమ్మ పరీక్షల గది వదిలి వచ్చి వాళ్ళ ముందు నిలబడి వాచీ నొక్కింది.

"ఒకటి!" అని అరిచారు నిమిషం పూర్తి కాగానే.

నేను గేటు బయట ఉన్నాను. ఆ ఉదయం బడికి వెళ్ళలేదు. ఇలాంటి వాటిలో కనబడితే ఉద్యోగానికి మంచిది కాదని హెడ్మాస్టరు ముందురోజే కబురు పంపారు. అమ్మ నా పక్కన ఉంది. లోపల పనిచేసేవాళ్ళ తల్లులు, భర్తలు, రెండో షిఫ్టు వాళ్ళు, నా పాత విద్యార్థులు కొందరు గేటు ముందు నిండిపోయారు. రెండు అనే అరుపు మాకు వినబడింది. మూడు మేమూ వాళ్ళతో కలిపాం.

లోపల ఏం జరిగిందో తర్వాత పదిమంది చెప్పగా తెలిసింది. వెనక మిషను నుంచి ఫిల్ము నేల మీదికి దిగుతూనే ఉంది. ముందు మోకాళ్ళ దాకా వచ్చింది, తర్వాత నడుముల దాకా. మేనేజరు ఎనిమిదో నిమిషంలో వచ్చాడు.

"దిగండి!"

"పద్ధతి రాసింది మీరే సార్, గోడ మీద చూడండి" అంది జడ అమ్మాయి. ఆమె చేతికి కట్టు ఉంది.

"దిగనివాళ్ళు రేపటి నుంచి రావద్దు."

"తొమ్మిది!" అన్నారందరూ.

పందొమ్మిదో నిమిషానికి కాంట్రాక్టరు ఒక వ్యానులో కొత్తవాళ్ళను దింపాడు. పన్నెండు మంది. పని ఏమిటో కూడా వాళ్ళకు తెలియదు. గోతి దగ్గరికి తోస్తే వాళ్ళలో ఒకతను, "ఎందుకు లెక్కపెడుతున్నారు?" అని అడిగాడు. సెకన్లమ్మ వాచీ మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "పోయిన వారం ఇందులో ఒక పిల్ల చచ్చిపోయింది. ఇంత ఆగి ఉంటే బతికేది." అతను గోతిలోకి తొంగి చూసి, వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. అతని వెంట ఇంకో ఏడుగురు వచ్చారు. నలుగురు వ్యాను ఎక్కి వెళ్ళిపోయారు.

ముప్పై మూడో నిమిషంలో పోలీసులు గేటు తోసుకుని లోపలికి వెళ్ళారు. మమ్మల్ని కొట్టుకుంటూ వెళ్ళారు. అమ్మ కింద పడింది. నేను లేపబోతే, "నన్నొదులు, లెక్క ఆపకు" అంది. లోపల పదిహేడు మందిని పట్టుకున్నారు. సెకన్లమ్మ చేతిలోంచి వాచీ లాక్కుని నేలకేసి కొట్టారు. ఆమెను ఫిల్ము గుట్టల మీదుగా ఈడ్చుకొచ్చి వ్యాను ఎక్కిస్తుంటే, "ముప్పై ఆరు" అని అరిచింది. వాచీ లేకపోయినా తప్పు చెప్పలేదు. నేను నా గడియారం చూసుకున్నాను.

ముప్పై ఏడు నుంచి గేటు బయటివాళ్ళం లెక్కపెట్టాం. నలభై అనగానే లోపల మిగిలిన ఇద్దరమ్మాయిలు, ఎవరూ చెప్పకుండానే, గోతిలోకి దిగి ఫిల్ము కొస పట్టుకుని రోలర్ల మీదుగా ఎక్కించారు. ఏడు నిమిషాల్లో పని ముగించుకుని తమ కాళ్ళ మీద తాము నడిచి పైకి వచ్చారు.

అప్పటి నుంచి మొదటి లైనులో ఫిల్ము తెగిన ప్రతిసారీ నలభై నిమిషాలు ఆగుతున్నారు. ఆగవద్దని ఇప్పుడు ఎవరూ అనడం లేదు. పదిహేడు మందిలో పదకొండు మంది బెయిలు మీద వచ్చారు. సెకన్లమ్మ రాలేదు. నన్ను బడి నుంచి సస్పెండు చేశారు. సాయంత్రాలు సైకిల్ స్టాండులో పర్మనెంటు వాళ్ళనూ కాంట్రాక్టు వాళ్ళనూ కలిపి కూర్చోబెట్టి, చట్టం కాగితాలు చదివి వినిపిస్తున్నాను. మొదట ఇరవై మంది వచ్చేవారు. ఇప్పుడు స్టాండు చాలడం లేదు.

రెండో లైను చుట్టూ రేకులు కట్టి, వేరే గేటు పెట్టి, దూరం నుంచి తెచ్చిన మనుషులతో నడుపుతున్నారు. వాళ్ళతో మాట్లాడటానికి మాకు ఇంకా దారి దొరకలేదు. అక్కడ అలారం ఆపేసే ఉంది. మేనేజరును ఇంతవరకు ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నిచ్చెన పెట్టిన సంతకం ఇంకా చెల్లుతోంది, అతను ఇంకా లోపలే ఉన్నాడు.